అవినీతి కేసులూ కక్షసాధింపూ: ఉత్తరాంధ్ర అనుభవం

శృంగవరపుకోట శాసనసభ నియోజకవర్గం విజయనగరం జిల్లాలో ఉంది. లోక్‌సభకు వచ్చేసరికి మాత్రం విశాఖపట్నం కింద లెక్క. అంచేత ఇక్కడి ఓటరుకు రెండు జిల్లాల రాజకీయమూ సొంతమే. పైన శ్రీకాకుళంలో జరిగేది కూడా అతనికి పరాయి కబురు కాదు. ఎన్నికైన ప్రజాప్రతినిధుల మీద అవినీతి కేసులు రాజకీయ ఉద్దేశంతో పెట్టగలరా అన్న ప్రశ్నకు ఈ మూడు జిల్లాల నలభై ఏళ్ల చరిత్రలోనే కావలసినంత సామగ్రి దొరుకుతుంది. 1980ల్లో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు మీద అవినీతి ఆరోపణలతో హైకోర్టుకు వెళ్లింది విశాఖ కాంగ్రెస్ నాయకుడు ద్రోణంరాజు సత్యనారాయణ. 2011లో వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ఆస్తుల మీద విచారణ కోరుతూ హైకోర్టు ముందుకు వెళ్లినవారిలో శ్రీకాకుళం నుంచి కింజరాపు ఎర్రన్నాయుడు, విజయనగరం నుంచి పూసపాటి అశోక్ గజపతిరాజు ఉన్నారు. అదే కేసుల వరుసలో నిందితుడైన మంత్రి ధర్మాన ప్రసాదరావుది శ్రీకాకుళం. జగన్ ముఖ్యమంత్రి అయ్యాక 2020లో ఏసీబీ అరెస్టు చేసిన మాజీ మంత్రి అచ్చెన్నాయుడు ఎర్రన్నాయుడికి తమ్ముడు. ఇన్ని కేసుల్లోనూ ఫిర్యాదిదారు ఒక పార్టీవాడు, నిందితుడు ఇంకో పార్టీవాడు. దీన్ని బట్టే కేసులన్నీ కుట్రలని తేల్చేయడం ఎంత తేలికో, చట్టం తన పని తాను చేసుకుపోతోందని చేతులు దులుపుకోవడమూ అంతే తేలిక. ఈ వ్యాసం చూపదలచింది వేరు. మన దగ్గర రాజకీయం కేసు పెట్టడంలో కంటే, దాన్ని ఎప్పుడు కదపాలి, ఎవరిని వదలాలి, ఎంతకాలం ముగించకుండా ఉంచాలి అన్న నిర్ణయాల్లోనే ఎక్కువగా పనిచేస్తోంది.

ముందుగా రెండు ప్రశ్నలను విడదీయాలి. ఆరోపణ నిజమా? ఇది సాక్ష్యాలతో తేలేది. ఆ కేసును ఆ మనిషి మీద ఆ సమయంలో ఎందుకు నడిపారు? ఇది అధికారం ఎలా వాడారన్న సంగతి. మొదటిదానికి జవాబు ‘అవును’ అయినంత మాత్రాన రెండోది శుద్ధి కాదు. రెండోదానిలో కక్ష ఉన్నంత మాత్రాన మొదటిది అబద్ధం కాదు. భారత న్యాయస్థానాలు ఈ తేడాను చాలాకాలంగా పాటిస్తున్నాయి. బిహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా మీది కేసు ఉపసంహరణకు సంబంధించిన 1986 డిసెంబరు నాటి శివనందన్ పాశ్వాన్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి ఒక మాట రాశారు: కేసుకు తగిన ఆధారం ఉన్నప్పుడు, ఫిర్యాదిదారుకు రాజకీయ పగ ఉందన్న కారణంతో అది చెల్లకుండా పోదు. ఆ తీర్పులో ఆయనది మైనారిటీ పక్షమే. మెజారిటీ న్యాయమూర్తులు కేసు ఉపసంహరణనే సమర్థించారు. అయినా ఆ ఒక్క మాటను తర్వాతి తీర్పులు పదే పదే వాడుకున్నాయి. ఆ తర్వాత హర్యానాలో మాజీ ముఖ్యమంత్రి భజన్‌లాల్ మీద ఆయన ప్రత్యర్థి దేవీలాల్ ప్రభుత్వం పెట్టిన అవినీతి కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్ఐఆర్‌ను కొట్టేయదగిన ఏడు సందర్భాలను చెప్పింది. పగ తీర్చుకోవడానికే దురుద్దేశంతో నడిపినట్టు స్పష్టంగా కనిపించే కేసు ఆ ఏడింటిలో చివరిది. విశేషమేమిటంటే, భజన్‌లాల్ విషయంలో మాత్రం రాజకీయ కక్ష అన్న వాదన మీద ఎఫ్ఐఆర్‌ను కొట్టేయడానికి కోర్టు ఒప్పుకోలేదు. దర్యాప్తు చేసిన పోలీసు అధికారికి ఆ అధికారం లేదన్న లోపం మీద అప్పటి దర్యాప్తును రద్దు చేసింది.

మనసులోని ఉద్దేశాన్ని కోర్టు ఎలా పట్టుకుంటుందన్నదానికి అంతకంటే పాత పాఠం తెలుగునేల మీదే ఉంది. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో బస్సు రూట్లను జాతీయం చేశారు. రాజకీయంగా తనను ఎదిరించిన బస్సు యజమానులను దెబ్బతీయడానికే ఈ పని చేశారని వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంతకుముందు వేసుకున్న క్రమంలో చివర ఉన్న కర్నూలు హఠాత్తుగా ముందుకొచ్చింది. దానికి సరైన కారణం ఎవరూ చూపలేదు. ఆరోపణలను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం వేయలేదు. కోర్టు ఈ రెండింటి నుంచే దురుద్దేశాన్ని నిర్ధారించింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. అది అవినీతి కేసు కాదు, పాలనా నిర్ణయం. కానీ అక్కడ కోర్టు వాడిన పద్ధతి మనకు పనికొస్తుంది. ఎవరి మనసులో ఏముందో వెతకనక్కర్లేదు. మామూలుగా పాటించే వరుస ఎక్కడ తప్పింది, తప్పినందుకు కారణం చెప్పగలిగారా అని చూస్తే చాలు.

ఈ పద్ధతిని పట్టుకుంటే పొరుగు రాష్ట్రపు జయలలిత అక్రమాస్తుల కేసు అన్నిటికంటే ముందు గుర్తుకు రావాలి. 1996లో సుబ్రమణ్యస్వామి ఫిర్యాదుతో మొదలై, డీఎంకే ప్రభుత్వం కింద దర్యాప్తు జరిగిన కేసు అది. ఇంతకంటే రాజకీయమైన పుట్టుక ఉండదు. ఆమె తిరిగి ముఖ్యమంత్రి అయ్యాక, సొంత రాష్ట్రంలో విచారణ సాఫీగా జరగదని డీఎంకే నాయకుడు అన్బళగన్ కోరితే 2003లో సుప్రీంకోర్టు కేసును కర్ణాటకకు మార్చింది. 2014లో బెంగళూరు ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది, 2015లో హైకోర్టు కొట్టేసింది, 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మొదటి తీర్పును నిలబెట్టింది. అప్పటికి ఆమె లేరు. ప్రత్యర్థి పెట్టిన కేసు నిజమైన కేసు కావచ్చునని ఇది తేల్చింది. ఇందుకు ఎదురు ఉదాహరణ మన పి.వి. నరసింహారావు. ఝార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు లంచం ఇచ్చారన్న కేసులో 2000లో ప్రత్యేక కోర్టు ఆయనను దోషి అంది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. ఇద్దరి విషయంలోనూ చివరకు ఒక న్యాయస్థానం ఏదో ఒకటి తేల్చి చెప్పింది. తెలుగు రాష్ట్రాల ఇటీవలి కేసుల్లో కరవైంది సరిగ్గా అదే.

ఇక 2011కు వద్దాం. జగన్ 2010 నవంబరులో కాంగ్రెస్‌ను వదిలారు. 2011 మార్చిలో కొత్త పార్టీ పెట్టారు. కాంగ్రెస్ మంత్రి పి. శంకరరావు హైకోర్టుకు రాసిన లేఖను కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. ఎర్రన్నాయుడు, అశోక్ గజపతిరాజు వంటి తెలుగుదేశం నాయకులు దానికి తోడయ్యారు. ఆగస్టు 10న హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 17న కేసు నమోదైంది. ఇక్కడొక అభ్యంతరం సహజంగానే వస్తుంది: ఆదేశించింది కోర్టు కదా, ఇందులో రాజకీయం ఎక్కడ? ఆ అభ్యంతరంలో బలముంది. ప్రాథమిక ఆధారం ఉందో లేదో చూసి నిర్ణయించింది న్యాయమూర్తులే తప్ప గాంధీభవన్ కాదు. జగన్ తండ్రి వైఎస్ ముఖ్యమంత్రిగా ఉండగా ప్రభుత్వం నుంచి మేలు పొందిన సంస్థలు కొడుకు కంపెనీల్లో పెట్టుబడులు పెట్టాయన్న ఆరోపణ విచారించదగినదే. కానీ కోర్టు ఆదేశం కేసు పుట్టుకను మాత్రమే శుద్ధి చేస్తుంది. ఆ తర్వాతి ప్రతి అడుగూ దర్యాప్తు సంస్థ చేతిలోది. ఎవరిని పిలవాలి, ఎవరిని అరెస్టు చేయాలి, ఎప్పుడు చేయాలి అన్నవి న్యాయమూర్తి నిర్ణయాలు కావు. సీబీఐ జగన్‌ను 2012 మే 27న అరెస్టు చేసింది. జూన్ 12న 18 శాసనసభ స్థానాలకూ నెల్లూరు లోక్‌సభ స్థానానికీ ఉప ఎన్నికలు. కేసు నమోదై అప్పటికి తొమ్మిది నెలలు దాటింది. పోలింగుకు పదహారు రోజుల ముందే అరెస్టు తప్పనిసరైందెందుకో ఆ తర్వాత కూడా సంతృప్తికరమైన జవాబు రాలేదు.

అదే కేసులో ఇంకొక పోలిక అంతకంటే చెబుతుంది. వాన్‌పిక్ భూముల వ్యవహారంలో నాటి మౌలిక సదుపాయాల మంత్రి మోపిదేవి వెంకటరమణను సీబీఐ 2012 మే 24న అరెస్టు చేసింది. అరెస్టయ్యేనాటికి ఆయన మంత్రి పదవిలోనే ఉన్నారు. అదే వ్యవహారంలో రెవెన్యూ మంత్రిగా చేసిన ధర్మాన ప్రసాదరావును ఆగస్టులో అభియోగపత్రంలో చేర్చారు గానీ అరెస్టు చేయలేదు. ఆయన రాజీనామా లేఖ ఇచ్చారు. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గం ఆ భూముల ఉత్తర్వులు ప్రభుత్వ నిర్ణయాలేనంటూ ప్రాసిక్యూషన్‌కు అనుమతి నిరాకరించింది. 2013 మేలో మరో మంత్రి సబితా ఇంద్రారెడ్డితో పాటు ఆయన పదవి వదులుకోవలసి వచ్చింది. ఒకే వ్యవహారం, ఇద్దరు మంత్రులు. ఒకరికి జైలు, ఇంకొకరికి మంత్రివర్గ రక్షణ. ఇద్దరి పాత్రలూ వేరని సీబీఐ అనవచ్చు, అది నిజమూ కావచ్చు. అయినా విషయం స్పష్టం. ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చేది ఆ నిందితుడి సహచరులే అయినప్పుడు, చట్టం నడిచే దారిలో రాజకీయం అధికారికంగానే కూర్చుని ఉంటుంది. దానికి కుట్ర అవసరం లేదు. జగన్‌కు 2013 మేలో సుప్రీంకోర్టు బెయిలు నిరాకరించింది. ఆర్థిక నేరాలు వేరే తరగతివంటూ, దర్యాప్తు నాలుగు నెలల్లో ముగించమని సీబీఐకి చెప్పింది. సెప్టెంబరు 23న ప్రత్యేక కోర్టు బెయిలిచ్చింది. అరెస్టును కుట్ర అన్నవారు ఒకరు, బెయిలును కుమ్మక్కు అన్నవారు ఇంకొకరు. ఉత్తరాంధ్రలో ఉప ఎన్నిక జరిగిన నరసన్నపేటలో 2012 జూన్‌లో ధర్మాన సోదరులే ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. కాంగ్రెస్ తరఫున పోటీచేసిన రామదాసును వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున కృష్ణదాస్ ఓడించారు. 18 శాసనసభ స్థానాల్లో 15 ఆ పార్టీకే పోయాయి.

2019లో పాత్రలు మారాయి. 2020 జూన్ 12న ఏసీబీ అధికారులు శ్రీకాకుళం జిల్లా నిమ్మాడలో అచ్చెన్నాయుడిని అరెస్టు చేసి విజయవాడకు రోడ్డు మీద తీసుకెళ్లారు. ఆయన కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు ఈఎస్ఐ ఆసుపత్రులకు మందులు, పరికరాలు, సేవలు టెండర్లు లేకుండా కొన్నారని ఆరోపణ. ఇది గాలి ఆరోపణ కాదు. ఆ ఫిబ్రవరిలోనే విజిలెన్స్ నివేదిక వచ్చింది. అందులో వైద్య అధికారుల పాత్ర ఉంది, మంత్రి సిఫారసు లేఖ ఉందన్నారు. కాబట్టి దర్యాప్తు జరగడాన్ని తప్పుపట్టలేం. ప్రశ్న అరెస్టు గురించి. శాసనసభ సమావేశాలకు నాలుగు రోజుల ముందు, శస్త్రచికిత్స చేయించుకుని ఇంట్లో ఉన్న మనిషిని, నోటీసుతో పిలిచి విచారించే దారి ఉండగా, అన్ని గంటల ప్రయాణం చేయించి తీసుకెళ్లవలసిన అవసరమేమిటి? గుంటూరులో మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆగస్టు 28న హైకోర్టు బెయిలిచ్చింది. ఆ అక్టోబరులో పార్టీ ఆయనను రాష్ట్ర అధ్యక్షుణ్ణి చేసింది. 2024లో వ్యవసాయ మంత్రి అయ్యారు. ఈఎస్ఐ కొనుగోళ్లలో కార్మికుల సొమ్ము పోయిందా లేదా అన్నది నిజంగా పట్టించుకోవలసిన విషయం. నెల నెలా జీతంలో కోత పడే జూట్ మిల్లు కూలీకి దానికి జవాబు తెలియాలి. ఆ అరెస్టు మీద ఇరుపక్షాలూ చేసిన గొడవలో ఈ ప్రశ్న ఎక్కడో పడిపోయింది. కక్షసాధింపు వల్ల మొదట నష్టపోయేది నిందితుడే అనుకుంటాం. సొమ్ము పోయినవాడు ఇంకా ఎక్కువ నష్టపోతాడు.

2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున నంద్యాలలో చంద్రబాబునాయుడిని సీఐడీ అరెస్టు చేసింది. నైపుణ్యాభివృద్ధి సంస్థ నిధుల కేసు. 371 కోట్ల ప్రభుత్వ సొమ్ములో పెద్ద భాగం దారి మళ్లిందని ఆరోపణ. ఎఫ్ఐఆర్ 2021 డిసెంబరు నాటిది. అందులో ఆయన పేరు లేదు. 21 నెలల తర్వాత, శాసనసభ ఎన్నికలు ఎనిమిది నెలల దూరంలో ఉండగా 37వ నిందితుడిగా చేర్చారు. విజయవాడ ఏసీబీ కోర్టు రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి పంపింది. అక్టోబరు 31న ఆరోగ్య కారణాలతో మధ్యంతర బెయిలు, నవంబరు 20న పూర్తి బెయిలు వచ్చాయి. దారి మళ్లిన డబ్బు తెలుగుదేశం ఖాతాలకు చేరిందనడానికి ప్రాథమిక ఆధారం కనబడలేదని బెయిలు ఉత్తర్వులో హైకోర్టు అంది. ఈ కేసులో అసలు చట్టపరమైన తగాదా అవినీతి నిరోధక చట్టంలోని 17ఎ సెక్షన్ మీద. 2018 జులైలో అమల్లోకి వచ్చిన ఆ సెక్షన్ ప్రకారం, అధికార నిర్ణయాలకు సంబంధించిన ఆరోపణల మీద దర్యాప్తు మొదలుపెట్టాలంటే ముందుగా సంబంధిత ప్రభుత్వ అనుమతి కావాలి. చంద్రబాబు విషయంలో అది తీసుకోలేదు. అది అవసరమేనని సుప్రీంకోర్టులో జస్టిస్ అనిరుద్ధ బోస్, సెక్షన్ రాకముందు జరిగిన పనులకు అది వర్తించదని జస్టిస్ బేలా త్రివేది 2024 జనవరి 16న వేర్వేరు తీర్పులిచ్చారు. అయితే రిమాండును ఇద్దరూ తప్పుపట్టలేదు. పైకి చూస్తే 17ఎ కక్షసాధింపుకు అడ్డుకట్ట. కాస్త ఆలోచిస్తే అందులోని వింత తెలుస్తుంది. మాజీ ముఖ్యమంత్రి మీద దర్యాప్తుకు అనుమతి ఇవ్వవలసింది ఆయనను ఓడించి వచ్చిన ప్రభుత్వమే. పదవిలో ఉన్నవాడికి అది కోట, దిగిపోయినవాడికి కాగితం.

2024 జూన్‌లో ప్రభుత్వం మళ్లీ మారింది. జగన్ హయాంలోని మద్యం విధానంలో 3,500 కోట్ల ముడుపులు చేతులు మారాయంటూ పెట్టిన కేసులో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ మిథున్ రెడ్డిని 2025 జులై 19న అరెస్టు చేశారు. ఉంచింది అదే రాజమహేంద్రవరం జైలులో. బెయిలు సెప్టెంబరు 29న. తెలంగాణ కథ కూడా దూరం కాదు. 2015 మే 31న ఓటుకు నోటు కేసులో ఏసీబీ పట్టుకున్న రేవంత్ రెడ్డి 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. సొంత ప్రభుత్వం కింద ఆ ప్రాసిక్యూషన్ ఎలా నడుస్తుందని బీఆర్ఎస్ నాయకుడు జగదీశ్ రెడ్డి సుప్రీంకోర్టును అడిగితే, కేసులో జోక్యం చేసుకోవద్దని ముఖ్యమంత్రికి చెప్పి 2024 సెప్టెంబరులో కోర్టు పిటిషన్ ముగించింది. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ ఏసీబీ ఫార్ములా-ఇ రేసు చెల్లింపుల మీద బీఆర్ఎస్ నాయకుడు కేటీఆర్‌ను నిందితుణ్ణి చేసింది. దీన్ని కొట్టేయడానికి హైకోర్టు ఒప్పుకోలేదు. ఆయన చెల్లెలు కవితను ఢిల్లీ మద్యం కేసులో ఈడీ 2024 మార్చి 15న అరెస్టు చేసింది. మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడింది. ఆగస్టు 27న సుప్రీంకోర్టు బెయిలిస్తూ దర్యాప్తు తీరును ప్రశ్నించింది. దర్యాప్తు సంస్థలంటే నాయకులకు ఎంత నమ్మకమో తెలుసుకోవడానికి ఒక్క సంగతి చాలు. 2018 నవంబరులో చంద్రబాబు ప్రభుత్వం సీబీఐకి రాష్ట్రంలో ఉన్న సాధారణ అనుమతిని తీసేసింది. 2019 జూన్‌లో, సీబీఐ కేసుల్లోనే నిందితుడైన జగన్ ప్రభుత్వం తిరిగి ఇచ్చింది.

ఇది కేవలం తెలుగువారి జాడ్యం కాదని కేంద్ర సంస్థల లెక్కలు చెబుతాయి. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక చేసిన పరిశీలనలో, 2014 తర్వాత సీబీఐ కేసుల్లోకి వచ్చిన 124 మంది ప్రముఖ నాయకుల్లో 118 మంది ప్రతిపక్షాలవారు, అంటే 95 శాతం. అంతకుముందు యూపీఏ పదేళ్లలో 72 మందిలో 43 మంది, 60 శాతం. 2024 ఏప్రిల్‌లో అదే పత్రిక, విచారణలు ఎదుర్కొంటూ బీజేపీలో చేరిన 25 మందిని లెక్కపెట్టి, వారిలో 23 మందికి ఊరట దొరికిందని రాసింది. వారిలో ఇద్దరు తెలుగుదేశం నుంచి, ఒకరు వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి వెళ్లినవారు. మొదటి లెక్క మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. రాష్ట్రాల్లో ఎక్కువకాలం పాలించింది ప్రతిపక్షాలైతే వారి మీదే ఎక్కువ కేసులుంటాయి కదా? కొంతవరకు ఒప్పుకోవచ్చు. కానీ రెండో లెక్కకు ఆ జవాబు సరిపోదు. అక్కడ మనిషి అతడే, ఆరోపణ అదే, మారింది కండువా మాత్రమే. కర్నూలు బస్సు రూట్ల కేసులో కోర్టు చూసిన తప్పిన వరుస ఇక్కడ మరింత బాహాటంగా కనిపిస్తుంది. ఇక 2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది: అప్పటికి పదేళ్లలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, రాజకీయ నాయకుల మీద ఈడీ 193 కేసులు పెడితే శిక్ష పడినవి రెండు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి. పాలించినన్నాళ్లూ తమ మీద తామే ఎవరూ కేసులు పెట్టుకోరు. ఫైళ్లు చేతికొచ్చేది తర్వాతి ప్రభుత్వానికే. అందుకే పాత ప్రభుత్వం మీద కొత్త ప్రభుత్వం విచారణ జరపడం తప్ప జవాబుదారీతనానికి మన దగ్గర వేరే దారి లేదు. కక్ష అన్న మాటకు లొంగితే ఏ నాయకుడూ ఏనాడూ బోనెక్కడు. ఈ వాదన నాకు సరైనదిగానే తోస్తుంది. సుప్రీంకోర్టు కూడా 2023 మే 3న దాదాపు ఇదే దారి పట్టింది. తెలుగుదేశం పాలనలోని నిర్ణయాలను పరిశీలించడానికి జగన్ ప్రభుత్వం వేసిన సిట్ మీద హైకోర్టు ఇచ్చిన స్టేను ఎత్తేసింది. 2023 ఏప్రిల్‌లో బీఆర్ఎస్ సహా 14 ప్రతిపక్షాలు దర్యాప్తు సంస్థల దుర్వినియోగం మీద వేసిన పిటిషన్‌నూ, రాజకీయ నాయకులకు సామాన్యుడికి లేని రక్షణ ఉండదంటూ, వినడానికి నిరాకరించింది. మరోవైపు అమరావతి భూముల ‘ఇన్‌సైడర్ ట్రేడింగ్’ కేసులను హైకోర్టు 2021 జనవరిలో కొట్టేస్తే, ఆ జులైలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అంటే కోర్టులు కళ్లు మూసుకుని అన్నిటినీ ఆమోదించలేదు, అన్నిటినీ ఆపలేదు. కాబట్టి దర్యాప్తుకు రాజకీయ పుట్టుక ఉండటం రోగం కాదు. ఆ పుట్టుకను కడిగేసే విచారణ చివరిదాకా జరగకపోవడమే రోగం. జగన్ కేసులకు ముందే, 2009లో సీబీఐ చేతికి వచ్చిన ఓబుళాపురం గనుల కేసును చూడండి. అందులో 2025 మే 6న హైదరాబాదు ప్రత్యేక కోర్టు గాలి జనార్దన రెడ్డికి ఏడేళ్ల శిక్ష వేసి, నాటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డిని నిర్దోషి అంది. తర్వాత హైకోర్టు శిక్షను నిలిపివేసింది గానీ, పదిహేనేళ్లకైనా ఎవరు దోషి, ఎవరు కాదు అన్న మాట ఒక న్యాయమూర్తి నోట వచ్చింది. ఈ ఒక్క తీర్పు చేసినంత పని వంద పత్రికా సమావేశాలు చేయలేవు.

ప్రజలే తీర్పు చెబుతారు కదా అనే వారున్నారు. 2012లో నరసన్నపేట చెప్పింది, 2019లో 151 స్థానాలు చెప్పాయి, 2024లో 164 చెప్పాయి. శృంగవరపుకోట కూడా ఆ రెండుసార్లూ గాలితో పాటే నడిచింది. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కడుబండి శ్రీనివాసరావును, 2024లో తెలుగుదేశం అభ్యర్థి కోళ్ల లలితకుమారిని గెలిపించింది. కానీ ఓటరు ఎవరు పాలించాలో చెబుతాడు. 371 కోట్లలో ఎంత పోయిందో, ఎవరి చేతికి చేరిందో బ్యాలెట్ యంత్రం చెప్పలేదు. పైగా అరెస్టు ఓటరులో సానుభూతి రేపుతుందని తేలాక, జైలు కూడా ప్రచార వేదిక అయిపోతుంది. అంటే ముగియని కేసు ఇద్దరికీ లాభమే. పెట్టినవాడి చేతిలో కర్ర మిగులుతుంది, పడినవాడికి అన్యాయమైపోయానన్న కథ మిగులుతుంది. కేసు ముగిస్తే ఇద్దరిలో ఒకరికి నష్టం తప్పదు. విచారణల నత్తనడకకు కోర్టుల రద్దీ, విడుదల పిటిషన్లు, న్యాయమూర్తుల బదిలీలు కారణాలు కావచ్చు. అయితే ఆ నడకను తొందరపెట్టమని గట్టిగా అడిగే నిందితుడు గానీ ప్రభుత్వం గానీ కనబడకపోవడానికి కారణం ఇదే.

దీనికి మందు వెతికేటప్పుడు బ్రెజిల్‌ను ఒకసారి చూడాలి. ఎందుకంటే త్వరగా ముగించడం ఒక్కటే చాలదని అది చెబుతుంది. మాజీ అధ్యక్షుడు లూలాకు 2017లో శిక్ష వేసిన న్యాయమూర్తి సెర్జియో మోరో, ఆ శిక్ష వల్ల లూలా పోటీ చేయలేకపోయిన 2018 ఎన్నికల్లో గెలిచిన బోల్సొనారో ప్రభుత్వంలో న్యాయ మంత్రి అయ్యాడు. 2021 మార్చిలో ఆ దేశపు సుప్రీం కోర్టు ఆ శిక్షలను రద్దు చేసి, మోరో పక్షపాతంతో వ్యవహరించాడని తేల్చింది. కేసు వేగంగా నడిచింది గానీ నడిపినవాడు తటస్థుడు కాదు. మనకు అవసరమైనది రెండూ కలిసినది. తటస్థత కోసం జయలలిత కేసులో చేసినట్టు, నిందితుడో అతని ప్రత్యర్థో ముఖ్యమంత్రిగా ఉన్న రాష్ట్రం నుంచి విచారణను బయటికి పంపడం మామూలు నియమం కావాలి. ఈ రోజు చంద్రబాబు మీద కేసులు పెట్టిన సీఐడీ ఆయన ప్రభుత్వం కిందే పనిచేస్తోంది. రేవంత్ రెడ్డిని పట్టుకున్న ఏసీబీ ఆయన ప్రభుత్వం కిందిదే. అధికారుల నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేకపోయినా, ఆ ఏర్పాటు నుంచి వచ్చిన ఏ నిర్ణయాన్నీ ఎవరూ నమ్మరు. కేసు మూసేసినా నమ్మరు, నడిపినా నమ్మరు. మూసివేత మీద కొంత కాపలా ఇప్పటికే ఉంది. ప్రజాప్రతినిధుల మీది కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ నేపథ్యంలో 2025 ఆగస్టు 20న లోక్‌సభలో ప్రవేశపెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లును చదవాలి. అయిదేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడగల నేరారోపణ మీద వరుసగా 30 రోజులు నిర్బంధంలో ఉన్న ప్రధాని, ముఖ్యమంత్రి, మంత్రి పదవి కోల్పోవాలని అది చెబుతుంది. జైలు నుంచి పాలన చేయడం ఎబ్బెట్టుగా ఉంటుందన్నది నిజమే. కానీ ఈ వ్యాసంలో వచ్చిన అరెస్టులను ఆ కొలతతో చూడండి. చంద్రబాబు 53 రోజులు, మిథున్ రెడ్డి 71 రోజులు, అచ్చెన్నాయుడు రెండున్నర నెలలు, కవిత అయిదు నెలలు, జగన్ పదహారు నెలలు. ముప్పై రోజులు దాటనివారు ఎవరూ లేరు. వీరిలో ఒక్కరి మీద కూడా అప్పటికి నేరం రుజువు కాలేదు. ప్రస్తుత చట్టంలో పదవికి అనర్హత శిక్షతో వస్తుంది. అవినీతి నిరోధక చట్టం కింద జరిమానా పడినా ఆరేళ్లు పోటీ చేయలేరు. ఆ కఠినత్వం సరైనది, ఎందుకంటే అది తీర్పు తర్వాత వస్తుంది. బిల్లు ఆ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. దురుద్దేశానికి ఇప్పటివరకు చోటున్న అరెస్టు అనే మెట్టుకే పదవి పోగొట్టే బలం ఇస్తుంది. ఈ రూపంలో అది చట్టం కాకూడదు.

కావలసింది తీర్పులకు గడువు. 2017 నవంబరులో ప్రజాప్రతినిధుల కేసులకు ప్రత్యేక కోర్టులు పెట్టమని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 నవంబరు 9న ఆ కేసుల వేగాన్ని ప్రతి హైకోర్టూ తనంత తానుగా పర్యవేక్షించాలని ఆదేశించింది. జగన్ మీద 2011 ఆగస్టులో నమోదైన కేసులో సీబీఐ 11 అభియోగపత్రాలు వేసింది. ఒక్కదాని మీదా విచారణ పూర్తయి తీర్పు రాలేదు.